బ్యాండ్ మారలేదని నమ్మేశాను

కణం రెండు కావాలంటే డీఎన్‌ఏకి కావలసిన సరుకు, అంటే న్యూక్లియోటైడ్లు, ముందే సమకూర్చుకోవాలి. ఇన్సులిన్ "పెరగొచ్చు" అని కబురు పెడితే, అది రెబ్ అనే బుల్లి ప్రోటీన్ దాకా చేరుతుంది. దానిలో ఉన్నవి 184 అమైనో ఆమ్లాలే. జీటీపీని పట్టుకుని మేలుకుంటుంది, ఎంటార్ అనే పెద్ద ఎంజైమును కదిలిస్తుంది. ఆ జీటీపీ కూడా ఒక న్యూక్లియోటైడే కావడం నాకిప్పటికీ ముచ్చటగా ఉంటుంది. న్యూక్లియోటైడ్లలో ఒక రకమైన పిరిమిడిన్ల తయారీని మొదలుపెట్టే క్యాడ్ ఎంజైము ఎంటార్ మాట వింటుందా? రీసెర్చ్ స్కాలర్‌గా నేను ఎత్తుకున్న ప్రశ్న ఇదే.

రాపమైసిన్ వేసి ఎంటార్‌ని ఆపాను. గంటాగి కణాలను కరిగించి, ప్రోటీన్ ఎంతుందో బ్యాండ్‌గా చూపే వెస్టర్న్ బ్లాట్ పెట్టాను. క్యాడ్ దాదాపు 243 కిలోడాల్టన్ల భారీ ప్రోటీన్. జెల్ పైకొసనే ఉండిపోతుంది. పొర మీదికి ఎక్కించాలంటే కోల్డ్ రూమ్‌లో రాత్రంతా పట్టేది. తెల్లారి ఫిల్మ్ చూస్తే, మందు వేసినా వెయ్యకపోయినా బ్యాండ్ ఒకే మందం. సంబంధం లేదని తేల్చేశాను.

"ఎంతుందో సరే అన్నా, పనిచేస్తోందో లేదో చూడొద్దా?" అన్నాడు జూనియర్. కసురుకున్నాను. అంత కష్టపడి తెచ్చుకున్న ఫిల్మ్‌ని అనుమానించబుద్ధి కాలేదు. నా చోట మీరున్నా అంత తేలిగ్గా అనుమానించరు.

2013లో 'సైన్స్' పత్రికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి హార్వర్డ్‌లోని బ్రెండన్ మానింగ్ బృందానిది, ఇంకోటి బాసెల్‌లోని మైకేల్ హాల్ బృందానిది. ఎంటార్ చెబితే ఎస్6 కైనేజ్ వెళ్లి క్యాడ్‌లోని 1859వ సెరీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, దాంతో పిరిమిడిన్ల తయారీ ఊపందుకుంటుంది. వ్యాసంలోని బ్లాట్ బొమ్మలో మొత్తం క్యాడ్ వరస అచ్చం నా ఫిల్మే, బ్యాండ్లన్నీ సమానం. ఫాస్ఫేట్ ఉన్న క్యాడ్ వరసలో మాత్రం రాపమైసిన్ దగ్గర బ్యాండ్ మాయం. ఆ రెండు వరసల మీంచి చాలాసేపు చూపు తిప్పుకోలేకపోయాను. ఇంట్లో ఫ్యాన్ ఉందా అని చూశానే గానీ, స్విచ్ వేసుందా అని చూడలేదు.

పాత శాంపిళ్లు మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో ఉన్నాయి కదా, వాటినే మళ్లీ పెడదామని పరుగెత్తాను. డబ్బా తీశాక నోట్‌బుక్‌లో బఫర్ వివరాలు చూశాను. ఫాస్ఫటేజ్ ఇన్‌హిబిటర్ వెయ్యనేలేదు. ఫాస్ఫేట్ సంగతి అడగాలనే తోచనివాణ్ణి, దాన్ని కాపాడే మందు ఎందుకు వేస్తాను? జూనియర్‌ని పిలిచి, అతను అడిగిందే సరైన ప్రశ్న అని చెప్పి, ఇద్దరం కణాలు మళ్లీ మొదటినుంచి పెంచాం.