పాత కారునకు గూడుబండి

మణికొండ మేడల నడుమ మాయింట, మా మామగారు 1970లో కొన్న అంబాసిడరు కారొకటి గలదు. 2021 నాటి కేంద్ర నిబంధనల ననుసరించి, ఏబదియేండ్లు దాటి వింటేజిగా నమోదైన కారును నిత్యోపయోగమునకు నడపరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు మొదలగువానికి మాత్రము తీయవచ్చును. కావున దూరపు ప్రదర్శనలకై మేము మూతగల ట్రైలరును విచారించితిమి.

“ఆ సొమ్ముతో నగలు రావా?” యని చుట్టములు నవ్విరి. మా యత్తగారు డ్రైవింగు నేర్చినది ఆ కారుమీదనే. నాడును వీధివారు నవ్విరట! నిజాముల చౌమహల్లా ప్రాసాదమున 1912 నాటి రోల్సురాయిసును చూచినవారికి నీడపట్టు విలువ తెలియును.

ఈ గూడుబండిలో కారు నిలిచిన పిదప తలుపు తెరచి మనిషి దిగునంత వెడల్పుండవలెను. ఎక్కుబల్ల పొడవు చాలక వాలు నిటారైనచో కారు అడుగుభాగము రాచుకొనును. బరువు ఇరుసునకు ముందువైపు కొంత హెచ్చుగా నుండవలెను. వెనుకకు మొగ్గినచో దారిలో ట్రైలరు ఊగును. చక్రములకు బిగించిన పట్టీలను నేలపలకలకు గాక ఇనుపచట్రమునకు కట్టవలెను. గాలి కిటికీలు లేనిచో వానతేమ లోన నిలిచి తుప్పుపట్టును.

ఏటికి రెండు ప్రయాణములే గలవారికి కొనుటకంటె అద్దెయే మేలు. మేమును అట్లే నిశ్చయించుకొంటిమి. కొలతబద్ద మాత్రము మా యత్తగారి చేతనే యున్నది.