ఉప్పు – కొవ్వొత్తి

సమయోజనీయ బంధం బలహీనమైనది, అందుకే కొవ్వొత్తి ఇట్టే కరుగుతుందని పరీక్షల్లో రాసేవాళ్ళు చాలామంది.

ఉప్పులో సోడియం ఎలక్ట్రాన్ ఇస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. ఆ అయాన్ల పట్టు సడలాలంటే 801 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. మైనంలో కార్బన్, హైడ్రోజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి. దానికి సుమారు 60 డిగ్రీలు చాలు. నిజమే. కానీ అక్కడ సడలేది అణువుకూ అణువుకూ మధ్య పట్టేనండీ! లోపలి బంధం చెక్కుచెదరదు. అందుకే కారిన మైనం గడ్డకడితే మళ్ళీ మైనమే. వజ్రానికి అంత గట్టితనమిచ్చిందీ ఈ పంచుకోవడమే.

కరెంటు పోయిన రాత్రుళ్ళు ఒకే కొవ్వొత్తి, ఒకే పుస్తకం పంచుకుని మేం నలుగురం ఫైనలియర్ దాకా వచ్చాం. రేపు తలో ఊరూ పోతాం. పంచుకున్నది బలహీనమంటే మాత్రం నేనొప్పుకోను.