కేబుల్ మారిస్తే బొమ్మ మారుతుందా?

మానిటర్ మసగ్గా ఉందని ఎవరన్నా అంటే చాలు, మన ఆఫీసుల్లో రెడీగా ఉండే సలహా ఒకటుంది: "డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కొనుక్కో బాస్, బొమ్మ అదిరిపోద్ది". ఇందులో నిజం సగమే అని నా అభిప్రాయం.

ఆ సగం వీజీఏ సంగతి. ఐబీఎమ్ వాళ్ళు 1987లో, సీఆర్టీల కాలంలో తెచ్చారు. గ్రాఫిక్స్ కార్డు అంకెల్ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చి పంపుతుంది, ఎల్సీడీ దాన్ని మళ్ళీ అంకెలు చేసుకోవాలి. ఏ పిక్సెల్ ఎక్కడ మొదలైందో మానిటరే అంచనా వేసుకోవాలన్నమాట. ఆ అంచనా కాస్త తప్పితే అక్షరాల అంచులు చెదురుతాయి. ఇంగ్లీషైతే ఎలాగో చదివేస్తాం. మన 'ప'కీ 'ఫ'కీ తేడా కింద చిన్న గీతే కదా, అది కాస్తా అలుక్కుపోతుంది.

డీవీఐ (1999), హెచ్‌డీఎంఐ (2002), డిస్‌ప్లేపోర్ట్ (2006) అన్నీ డిజిటలే. బిట్లు సరిగ్గా చేరితే బొమ్మ ఒకటే. చేరకపోతే చుక్కలు మెరుస్తాయి, లేదా తెర నల్లబడుతుంది. అంతేగానీ బంగారు పూత కేబుల్‌తో రంగులు చిక్కబడవు!

మరి తేడా కనిపిస్తుందంటారేం? సెట్టింగుల వల్ల. మా టీములో కుర్రాడొకడు 4కే టీవీనే మానిటర్‌గా వాడుతున్నాడు. "అన్నా, కళ్ళు లాగుతున్నాయి, అద్దాలు మార్పించుకోవాలేమో" అన్నాడు. చూస్తే, నల్ల థీములో ఎర్ర అక్షరాలన్నీ అలికినట్టున్నాయి. డ్రైవర్లో 4:2:0 అని ఉంది. అంటే నాలుగు పిక్సెళ్ళకి కలిపి ఒకే రంగు సమాచారం. సినిమాకి పర్వాలేదు, కోడుకి మాత్రం నరకం. టీవీ మెనూలో ఆ పోర్టుకి పూర్తి బ్యాండ్‌విడ్త్ ఇచ్చే ఆప్షన్ ఆన్ చేసి, డ్రైవర్లో ఆర్జీబీ, ఫుల్ రేంజ్ పెట్టాం. అక్షరాలు విడివిడిగా నిలబడ్డాయి. పైసా ఖర్చు లేదు. (నలుపు బూడిదరంగులో కనిపిస్తుంటే ఆ రేంజ్ సంగతే చూడండి. కార్డు 16-235 పంపుతుంటే మానిటర్ 0-255 కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.)

పోర్టు మార్చాల్సిన సందర్భం లేకపోలేదు. హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న పాత లాప్‌టాప్ 4కేని సెకనుకి 30 ఫ్రేములే ఇస్తుంది, మౌసు ఈడ్చుకుంటూ నడుస్తుంది. 60 కావాలంటే 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ రెండు వైపులా ఉండాలి. డబ్బు పెట్టేదేదో అక్కడ పెట్టండి.

అన్నట్టు, మావాడు కళ్ళ డాక్టరు అపాయింట్‌మెంట్ ఇంకా కాన్సిల్ చెయ్యలేదు. చెయ్యొద్దనే చెప్పాను.