రాయి కింద పురుగు

మినుము ధర గురించి రాయమని చాలామంది అడిగారు, అది వచ్చేవారం రాస్తాను. ఈసారి చేపల గాలం గురించి. "ఈయనకి పొలం పనులు అయిపోయినట్టున్నాయి" అనుకోకండి, తిరిగి తిరిగి మన వరి మడిలోకే వస్తుంది విషయం.

నిరుడు మా అమ్మాయి కాన్పుకని నేనూ మా ఆవిడా అమెరికా వెళ్ళాం. పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్టేట్ కాలేజ్ అని ఒక ఊరు. ఊరి పేరే కాలేజ్! ఆడవాళ్ళకి పసిబిడ్డతో సరిపోయేది, అల్లుడికి ఆఫీసు. తెల్లవారుజామున నాలుగింటికి లేచే అలవాటున్నవాణ్ణి, ఆ ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చోవడమంటే జైలే. పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. ఒకప్పుడు పాడి రైతు, ఆవులన్నీ అమ్మేసి ఊళ్ళోకి వచ్చేశారు. నాది ఇంటర్ ఇంగ్లీషు, ఆయనది వాళ్ళ పల్లె ఇంగ్లీషు. అయినా ఆవులు, దాణా, వాన అనే మూడు మాటలతో మాకు స్నేహం కుదిరింది. ఆయన నన్ను స్ప్రింగ్ క్రీక్ అనే ఏటికి తీసుకెళ్ళారు. అల్లుడు ఫోన్లోనే నాకు ఏడు రోజుల టూరిస్టు లైసెన్సు కొన్నాడు, ట్రౌట్ చేపకి మళ్ళీ వేరే పర్మిట్టు. మన కాలవ గట్టు మీద గాలం వేసేవాణ్ణి లైసెన్సు అడిగితే ఏమంటాడో మీకు తెలుసు.

ట్రౌట్ చల్లనీళ్ళ చేప. నీళ్ళు 20 డిగ్రీలు దాటి వేడెక్కితే దానికి ఊపిరాడదు. ఆ ఏట్లో ఉండేది బ్రౌన్ ట్రౌట్, 1883లో జర్మనీ నుంచి గుడ్లుగా అమెరికాకి వచ్చిన జాతి. ఆ నేలంతా సున్నపురాయి, రాళ్ళ సందుల్లోంచి ఊటలు ఊరి ఏట్లో కలుస్తాయి. అందుకే ఎండాకాలంలో కూడా కాలు పెడితే జిల్లుమంటుంది.

నేను గాలం అనగానే వానపాము ఎక్కడ తవ్వాలా అని చూశాను. పెద్దాయన నవ్వి, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి అడుగునున్న ఒక రాయి తీసి తిరగేశారు. దాని కింద అతుక్కుని పదో పన్నెండో పురుగులు. బల్లపరుపు ఒళ్ళు, ఆరు కాళ్ళు, వెనక మూడు తోకలు, పొట్ట పక్కన ఈకల్లా రెపరెపలాడే మొప్పలు. మేఫ్లై అనే పురుగు పిల్లలవి, నింఫ్ అంటారు. మన సుడిదోమ పిల్లలకి రెక్కలు రాకముందు ఎలా ఉంటాయో అలాంటి దశ అన్నమాట, కాకపోతే ఇవి నీళ్ళలో పెరుగుతాయి. చాలా రకాలు ఏడాది దాకా రాళ్ళ కిందే బతికి, ఒకరోజు పైకి తేలి రెక్కలు విప్పుకుంటాయి. ఆ తర్వాత బతికేది ఒకటి రెండు రోజులు. రెక్కలొచ్చాక తినడానికి నోరు కూడా పనిచేయదు. ట్రౌట్ పైకి ఎగిరి పురుగుని పట్టడం మనం వీడియోల్లో చూస్తాం గానీ, దాని తిండిలో ఎక్కువ భాగం నీటి అడుగునే దొరుకుతుంది. కాబట్టి గాలం కూడా అడుక్కి పోవాలి. పోవాలంటే బరువుండాలి. మనం దారానికి సీసం గుండు కడతాం, వాళ్ళు బరువుని పురుగు బొమ్మ లోపలే దాచేస్తారు.

ఆ కట్టడం చూస్తే ముచ్చటేసింది. చిన్న పట్టకారులో 16వ నంబరు గాలం బిగిస్తారు, మన వేలిగోరు అంత ఉంటుంది. ముందుగా ముల్లు వైపు నుంచి ఒక పూస ఎక్కిస్తారు. ఆవగింజ కంటే కాస్త పెద్దది, మినపగింజ కంటే చిన్నది. టంగ్‌స్టన్ లోహం, సీసం కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. తర్వాత ఫెజెంట్ అనే పక్షి తోక ఈకలోని నాలుగైదు పోగులు తీసి, కొసలు తోకలా వదిలి, మిగతాది రాగితీగతో కలిపి చుడతారు. మెడ దగ్గర మాత్రం నెమలి ఈక పోగు చుట్టారు పెద్దాయన. మన నెమలే! ఆ డబ్బాలో ఈక చూడగానే ఇంటి దగ్గరున్నట్టు అనిపించింది.

ఈ పురుగు బొమ్మ మొదట కట్టింది ఇంగ్లండులో ఫ్రాంక్ సాయర్ అనే ఆయన. ఏవన్ అనే ఏటికి కాపలాదారు. పెద్ద చదువులు చదివిన మనిషి కాదు, రోజూ ఏటి కలుపు కోసి, గట్లు చూసుకునే పని. ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే దారం మానేసి సన్నటి రాగితీగతోనే మొత్తం కట్టేయడం. తీగే దారం, తీగే బరువు. కాళ్ళు కూడా పెట్టలేదు, ఎందుకంటే ఆ పురుగు ఈదేటప్పుడు కాళ్ళు ఒంటికి ముడుచుకుంటుందని కళ్ళారా చూశాడు. 1958లో పుస్తకం రాశాడు. పుస్తకం చూసి ఏటికి వెళ్ళినవాడు కాదు, ఏటిని చూసి పుస్తకం రాసినవాడు. మన ఊళ్ళలో ఇలాంటి రైతులు ఎంతమంది ఉన్నారో, రాసేవాళ్ళే లేరు.

ఇక వేయడం. ఇది మన కాలవ రైతుకి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. కాలవలో పై నీరు జోరుగా పోతుంది, అడుగు నీరు నెమ్మదిగా పోతుంది కదా. దారం పై నీళ్ళ మీద పడితే అది కింది గాలాన్ని లాక్కుపోతుంది. అంత జోరుగా పోయే పురుగుని చేప నమ్మదు. అందుకని ఎగువకి విసిరి, కర్ర ఎత్తి పట్టి, దారం నీళ్ళమీద వీలైనంత తక్కువ ఆనేలా చేసి, గాలాన్ని అడుగు నీటి వేగంతో రానివ్వాలి. అప్పుడప్పుడు రాయికి టిక్కుమని తగలాలి. అసలు తగలకపోతే బరువు చాలనట్టు, మాటిమాటికీ ఇరుక్కుంటే ఎక్కువైనట్టు. చేప లాగినప్పుడు మనకి బెండు మునిగినట్టు పెద్ద గుర్తేమీ ఉండదు. దారం ఒక్క క్షణం ఆగుతుంది, అంతే. రాయో చేపో తెలియదు, ప్రతిసారీ ఎత్తి చూడాల్సిందే. మూడు రోజులు నాకు రాళ్ళే పడ్డాయి. నాలుగో రోజు ఒక రాయి కదిలింది.

జానెడున్నర చేప. పసుపు పచ్చ ఒళ్ళు, ఎర్ర చుక్కలు, చుట్టూ తెల్ల అంచు. మా ఆవిడకి చూపించి పులుసు పెట్టిద్దామని సంచీ కోసం చూశాను. పెద్దాయన తల అడ్డంగా ఊపి, చెయ్యి తడిపి, ముల్లు తీసి నీళ్ళలో వదిలేశారు. నాకు మనసొప్పలేదు. ఎందుకని అడిగితే ఆయన చెప్పిన మాట మీకు చెప్పాలనే ఈ పోస్టు.

ఆ ఊళ్ళో ఒకప్పుడు రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది. అందులో కెపోన్, మైరెక్స్ అని రెండు పురుగుమందులు తయారయ్యేవి. వ్యర్థం నేలలోకి ఇంకి, సున్నపురాయి సందుల్లో పాకి, ఒక ఊటలోంచి ఏట్లోకి వచ్చింది. 1970ల్లో చేపల కండలో మందు బయటపడింది. 1982 నుంచి ఈ ఏట్లో పట్టిన ట్రౌట్ ఇంటికి తీసుకెళ్ళకూడదని రూలు పెట్టారు. ఇప్పుడు మందు బాగా తగ్గింది. చేపలు వాటంతటవే పెరిగి ఏరు నిండా ఉన్నాయి, అందుకే పట్టేవాళ్ళే ఆ రూలు ఉండనీ అంటున్నారట.

ఇంకో సంగతి. గ్రీన్ డ్రేక్ అని వేళ్ళంత పెద్ద మేఫ్లై ఆ ఏట్లో గుంపులు గుంపులుగా లేచేదట. 1950ల్లో ఏరు పాడైనప్పుడు అది పోయింది. కొండకి అవతల పెన్స్ క్రీక్‌లో మే చివర ఇప్పటికీ లేస్తుంది, దేశం నలుమూలల నుంచి చూడటానికి వస్తారు. ఈ ఏటికి మాత్రం తిరిగి రాలేదు. చేప తిరిగొచ్చింది, పురుగు రాలేదు. ఈ మాట నన్ను పట్టుకుంది. మనం చేపల్ని లెక్కపెడతాం, పురుగుల్ని ఎవరు లెక్కపెడతారు?

ఇంటికొచ్చాక ఈ సార్వాలో మా తూము దగ్గర కాలవలోకి దిగి రాళ్ళు తిరగేశాను. గట్టు మీద పోయేవాళ్ళు "ఏం పోయింది బాబాయ్" అని అడిగారు. నత్తలు, రెండు జలగలు, అంతే. మూడు తోకల పురుగు ఒక్కటీ లేదు. మనది వేడి నీళ్ళు, బురద నేల, అక్కడి పురుగులే ఇక్కడ ఉండాలని నేననను. కానీ నా చిన్నప్పుడు వీధి దీపం కింద చాటలకి ఎత్తేన్ని రెక్కల పురుగులు పడేవి. అవి ఎక్కడ పుట్టేవి మరి?

అందుకని ఒక ఎకరం గుళికలు వేయకుండా వదిలాను. టీ జల్లెడతో మడి నీళ్ళలో పదిసార్లు ముంచితే ఆ ఎకరంలో ఏడు తూనీగ పిల్లలు దొరికాయి, గుళికలు వేసిన పక్క మడిలో ఒకటి. తూనీగ పిల్ల నీళ్ళలో దోమ పిల్లల్ని తింటుంది, రెక్కలొచ్చాక మడి మీద ఎగిరే దోమల్ని తింటుంది. ఒక్క ఎకరం, ఒక్క పంట, దీన్నిబట్టి ఏదీ తేల్చలేం. మా తమ్ముడు "సుడిదోమ దిగితే వారంలో ఎకరం తగలబడుతుంది, కౌలు ఎవరు కడతారు" అని గొడవ. వాడి మాట తీసిపారేసేది కాదు. రోజూ దుబ్బులు కొట్టి చూస్తున్నా, వ్యవసాయ శాఖ చెప్పిన లెక్క దాటితే కొడతా. కోత అయ్యాక రెండు మడుల దిగుబడీ ఖర్చూ ఇక్కడే రాస్తాను.

గాలాలు ఎలా కట్టాలని పిల్లలు అడుగుతున్నారు. టంగ్‌స్టన్ పూసలు మనకెందుకు? ఫ్యాను వైండింగ్ షాపులో పాడైన సన్న రాగితీగ అడిగితే ఊరికే ఇస్తారు. నాటుకోడి తోక ఈక పోగులు నాలుగు, చిన్న గాలం ఒకటి. సాయర్ కట్టింది అదే పద్ధతి. నిన్నకాక మొన్న తూము కింద దాంతో రెండు పరిగెలు పడ్డాయి, వేలంతవి. వదిలేసి వచ్చానని చెబితే, "దానికోసమా రెండు గంటలు కాలవలో నిలబడ్డావు" అంది మా ఆవిడ.