ఆగి ఆగి నడిచే ఏసీ

గది చల్లబడగానే ఆగిపోవడం, గది వేడెక్కగానే మళ్లీ మొదలుకావడం ఏసీకి సహజమైన నడక. అది చలిని పుట్టించే యంత్రం కాదు, గదిలోని వేడిని తోడి బయట పారబోసే యంత్రం. ఆ పనిని బయటి పెట్టెలో ఉండే కంప్రెసర్, అంటే శీతలవాయువును నొక్కి రాగి గొట్టాలలో తిప్పే పంపు, నిర్వహిస్తుంది. రిమోటులో పెట్టిన అంకెకు గది చేరగానే లోపలి సెన్సార్ ఆ పంపును ఆపి, ఒకటి రెండు డిగ్రీలు పెరిగిన తరువాత తిరిగి నడిపిస్తుంది. ఆపిన వెంటనే నడిపితే గొట్టాలలో మిగిలి ఉన్న పీడనానికి ఎదురు తిరగవలసి వచ్చి మోటారు దెబ్బతింటుంది కనుక, నడుమ సుమారు మూడు నిమిషాల విరామం ఉండేలా తయారీదారులు ఏర్పాటు చేస్తారు. ఇన్వర్టర్ రకాలు ఆగడానికి బదులు వేగం తగ్గించుకుంటాయి గాని, భారం మరీ తక్కువైనప్పుడు అవీ ఆగక తప్పదు. అందుచేత ఏసీ మాటిమాటికీ ఆగుతున్నదని కంగారుపడేవారు ముందుగా గమనించవలసినది, అది ఏ కార్తెలో, ఏ వేళలో ఆగుతున్నదన్న సంగతి.

డిసెంబరు రాత్రి చిలకలూరిపేటలోనో నరసరావుపేటలోనో ఏసీ పది నిమిషాలు నడిచి పావుగంట ఆగితే అది ఆరోగ్య లక్షణమే. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం అలాగే ఆగితే మాత్రం అది రోగం. మన దేశంలో గది ఏసీల సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు ఉన్న స్థితిలో పరీక్షించి నిర్ణయిస్తారు. 2022లో గుంటూరు జిల్లా నుంచి విడిపోయిన పల్నాడులోని రెంటచింతల వంటి చోట మే నెల ఎండ 45 డిగ్రీలను దాటడం అరుదైన విషయమేమీ కాదు. అంత వేడి గాలిలోకి ఇంకా వేడిని పారబోయవలసి వచ్చినప్పుడు ఒకటిన్నర టన్నుల యంత్రం ఒకటిన్నర టన్నుల పని చేయలేదు. (ఒక టన్ను మంచు ఒక రోజులో కరగడానికి పీల్చుకునే వేడిని బట్టి ఏర్పడిన కొలత ఇది, సుమారు 3.5 కిలోవాట్లకు సమానం.) అటువంటి మధ్యాహ్నం ఏసీ ఎడతెరిపి లేకుండా నడవాలి. గది చల్లబడకుండానే కంప్రెసర్ ఐదు నిమిషాలకొకసారి ఆగుతున్నదంటే, దానిని ఆపుతున్నది రిమోటు అంకె కాదు, మరేదో.

ఆ మరేదో ఈ ప్రాంతంలో తరచుగా పంటల నుంచే వస్తుంది. పత్తి తీతలు మొదలైనప్పటి నుంచి, గింజను దూదిని వేరుచేసే జిన్నింగ్ మిల్లుల చుట్టూ సన్నని పోగు గాలిలో తేలుతూనే ఉంటుంది; ఆ పని సద్దుమణిగే లోపు మిరప కోతలు ఊపందుకుని, కల్లాలలో కాయ ఆరబోయడం, తాలుకాయ ఏరడం, టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, ఎత్తి గుంటూరు యార్డుకు తోలడం సాగుతాయి. కంప్రెసర్ పక్కనే ఉండే కండెన్సర్, అంటే వేడిని బయటి గాలికి అప్పగించే గొట్టాల వరుస, పలుచని అల్యూమినియం రేకుల మధ్య అమర్చి ఉంటుంది. ఫ్యాను గాలిని వెనుక నుంచి లాగి ముందుకు వదులుతుంది. శీతాకాలంలో ఏసీ నడవకపోయినా కొట్టుకువచ్చిన దూది పోగు ఆ రేకులకు చిక్కుకుని ఉంటుంది, వేసవి ఆరంభంలో ఫ్యాను తిరగగానే మిరప దుమ్ము దానిలో ఇరుక్కుని చాపలా అల్లుకుంటుంది. ఈ చాప గోడవైపు ఉంటుంది గనుక ముందు నుంచి చూసినవారికి పెట్టె శుభ్రంగానే కనిపిస్తుంది, మోసం అక్కడే ఉంది. వేడి బయటకు పోయే దారి మూసుకుపోయి గొట్టాలలో పీడనం పెరుగుతుంది, మోటారు కాగిపోతుంది, ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్చి కరెంటును తెంచుతుంది, మోటారు చల్లారాక మళ్లీ కలుపుతుంది. మోటారు ఆగి ఉన్న ఆ వ్యవధిలో లోపలి ఫ్యాను వట్టి గాలిని విసురుతూనే ఉండడం వల్ల, చాలామంది ఏసీ నడుస్తున్నదనే అనుకుంటారు. కరెంటు ఆపి, రేకుల సందులలోకి లోపలి వైపు నుంచి నెమ్మదిగా నీరు పోసి కడగడమే దీనికి మందు. స్కూటర్లు కడిగే ప్రెషర్ పంపును ప్రయోగిస్తే రేకులు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఊరి కల్లాలు ఖాళీ కాకముందు కడిగించడం సగం వృథా.

లోపలి ఫిల్టర్‌దీ ఇదే కథ, వేరే రూపంలో. అది పూడుకుపోతే గాలి తగ్గి, చల్లటి గొట్టాల మీద మంచు గడ్డకట్టి, ఆ మంచును కనిపెట్టిన మరో సెన్సార్ కంప్రెసర్‌ను ఆపుతుంది. ఈ ఫిల్టర్‌ను ఇంటివారే తీసి పంపు కింద కడుక్కోవచ్చు.

రాత్రి పది గంటల వేళ ఆగే ఏసీల సంగతి వేరు. వీధిలోని ఏసీలన్నీ ఒక్కసారే నడిచే సమయంలో ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పెరిగి, 230 వోల్టులు ఉండవలసిన చోట వోల్టేజీ ఎంతో తక్కువకు పడిపోతుంది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి, వోల్టేజీ చాలనప్పుడు అది కదలలేక మూలిగి, వేడెక్కి, తిరిగి ఓవర్‌లోడ్ చేతికి చిక్కుతుంది. కెపాసిటర్ అనే చిన్న డబ్బా, మోటారుకు తొలి ఊపునిచ్చేది, బలహీనపడినా లక్షణాలు ఇవే. తెల్లవారుజామున ఇదే ఏసీ చక్కగా నడుస్తుంటే మెకానిక్కును పిలిచే ముందు వోల్టేజీనే అనుమానించాలి.

అవసరానికి మించిన టన్నుల ఏసీ మరో కారణం. రెండు టన్నులు బిగిస్తే త్వరగా చల్లబడుతుందన్న సలహా సగం నిజమే. గాలి త్వరగా చల్లబడుతుంది, పగలంతా ఎండకు కాగిన శ్లాబు మాత్రం చల్లబడదు. ఏసీ ఆగిన కొద్దిసేపటికే ఆ శ్లాబు గదిని మళ్లీ వేడెక్కిస్తుంది. గుంటూరు చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలలో దీనికి విపర్యయం కనిపిస్తుంది: మందమైన తొడుగు వేసిన గోడల మధ్య వేలాది టిక్కీలు తామే చల్లదనాన్ని నిలుపుకుంటాయి కనుక అక్కడి యంత్రాలకు తొట్రుపాటు ఉండదు. చీరాల, బాపట్ల, ఒంగోలు వంటి సముద్రం పక్క ఊళ్లలో పెద్ద ఏసీ వల్ల ఇంకొక నష్టం కూడా ఉంది. గాలిలోని తేమ చల్లటి గొట్టాల మీద నీరై బయటకు కారాలంటే యంత్రం కొంతసేపు ఆగకుండా నడవాలి. త్వరగా ఆగితే ఆ నీరు ఆవిరై మళ్లీ గదిలోకే వచ్చి, చల్లగా ఉన్నా ఒళ్లు జిడ్డుగా ఉంటుంది. 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఏసీ రూపకర్త విల్లిస్ క్యారియర్ మొదట పరిష్కరించబూనినది ఒక ముద్రణాలయంలోని తేమ సమస్యనే, ఎండ బాధను కాదు.

ఇన్ని కారణాలు ఉండగా ఈ ఊళ్లలో మొదట వినిపించే తీర్పు మాత్రం గ్యాస్ అయిపోయిందని. పెట్రోలులా అది ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాలలో తిరిగి తిరిగి వచ్చేది. తగ్గిందంటే ఎక్కడో కన్నం పడిందని అర్థం. ఆ కన్నాన్ని వెతికి మూయకుండా గ్యాస్ కొట్టించడం అంటే వచ్చే ఏడాదికి కూడా బేరం కుదుర్చుకోవడమే. కండెన్సర్ కడగకముందు పీడనం చూసి చేసే నిర్ణయమూ నమ్మదగినది కాదు, ఎందుకంటే పోగు పట్టిన యంత్రంలో ఆ అంకె నిజం చెప్పదు. గ్యాస్ నిజంగానే నింపవలసి వస్తే, మీటరు ముల్లు చూసి ఉజ్జాయింపుగా కాక, యంత్రం మీద ముద్రించిన బరువును త్రాసు మీద తూచి నింపమని అడగడం కొనుగోలుదారుడి హక్కు.