బల్లి కూడా ఒక అమానతే

కాకినాడ నుండి యానాం వెళ్ళే దారిలో కోరంగి ఉంది. ఆ పేరు వినగానే నేడు మనకు మడ అడవులు గుర్తుకు వస్తాయి. ఒకప్పుడు అది పేరుమోసిన రేవు. 1839 నాటి తుపాను దానిని తీవ్రంగా దెబ్బతీసింది. అయినప్పటికీ 1843లో అక్కడి నుండే మన తెలుగువారు ఓడనెక్కి మారిషస్ చెరకు తోటలకు కూలీలుగా తరలివెళ్ళారు. ఆ దేశంలో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచేవారు. మదరసాలో మేము ఈ చరిత్ర చెప్పినప్పుడల్లా, ఆ ద్వీపంలోని మూగజీవుల కథను కూడా జోడిస్తూ ఉంటాము.

మారిషస్‌లో తప్ప మరెక్కడా లేని డోడో పక్షి 17వ శతాబ్దంలోనే అంతరించిపోయింది. అక్కడి బల్లులకు, నలికిరులకు కూడా ఆపద తప్పలేదు. ఓడలతో పాటు దిగిన ఎలుకలు, పిల్లులు వాటిని వేటాడాయి. పెద్ద ద్వీపంలో అనేక జాతులు నశించి, చుట్టూ ఉన్న చిన్న దీవులలో మాత్రమే మిగిలాయి. వాటిలో ఒకటైన రౌండ్ దీవిలో మనుషులు వదిలిన మేకలు, కుందేళ్ళు పచ్చదనాన్ని మేసివేయగా నేల కోతకు గురైంది. 1976లో జెరాల్డ్ డరెల్ అనే ప్రకృతి ప్రేమికుడు అక్కడికి వెళ్ళి, కొన్ని బల్లులను, నలికిరులను జెర్సీ దీవిలో తాను స్థాపించిన జంతుప్రదర్శనశాలకు తీసుకువెళ్ళి సంతతిని పెంచాడు. మరోవైపు రౌండ్ దీవి నుండి మేకలను, 1986లో కుందేళ్ళను తొలగించారు. మొక్కలు మళ్ళీ మొలిచాయి. అక్కడ సంఖ్య పెరిగిన టెల్ఫేర్ నలికిరులను 2006-07లో ఈల్-ఓ-జెగ్రెట్ అనే మరో దీవిలోనూ వదిలారు.

2020 జూలై 25న వాకాషియో అనే సరకుల ఓడ మారిషస్ పగడపు దిబ్బలకు తగిలి ఆగిపోయింది. ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రం పాలైంది. చిన్న దీవులలోని జీవులకు ముప్పు ఏర్పడటంతో 66 బల్లులను, నలికిరులను విమానంలో జెర్సీకి చేర్చారు. ఇదే సమయంలో అక్కడి సామాన్య ప్రజలు చెరకు ఎండుటాకులను గుడ్డసంచులలో కూరి, నీటిపై తేలే కట్టలుగా కట్టి నూనెకు అడ్డు వేశారు. ఏ చెరకు కోసం మన పూర్వీకులు సముద్రం దాటారో, ఆ చెరకు ఆకే ఆ తీరాన్ని కాచిందని తలచుకున్నప్పుడు మా మనసు చలిస్తుంది.

ఈ కథ విన్న ఒక విద్యార్థి, "హజ్రత్, ప్రాణిని బంధించడం పాపం కాదా?" అని అడిగాడు. తగిన ప్రశ్నే. పిల్లిని కట్టివేసి, దానికి తిండి పెట్టక, బయట ఏరుకుని తిననివ్వక చంపిన స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలిపారు. ఆమె నేరం బంధించడంతో ఆగలేదు, బాధ్యతను విడిచిపెట్టింది. బంధించినవాడు ఆ ప్రాణి ఆకలికి, ఆరోగ్యానికి, సంతతికి జవాబుదారి. హజ్రత్ నూహ్ (అ) ఓడలోకి ప్రతి జాతి నుండి ఒక జంట ఎక్కింది. ఆ ఓడ వాటి శాశ్వత నివాసం కాలేదు, జూదీ కొండపై ఆగింది. దిగేందుకు నేలను సిద్ధం చేయని ఓడ చెరసాల అవుతుంది. రౌండ్ దీవిలో జరిగిన మేలు బోను వలన మాత్రమే కాదు, నేలను బాగుచేయడం వలన కూడా జరిగింది.

ఇక మన ఇళ్ళ సంగతి చూద్దాం. కంచెపై తొండ కనబడితే చాలు, పిల్లలు రాళ్ళు అందుకుంటారు. అది పుణ్యమని కొందరు పెద్దలే ప్రోత్సహించడం మేము చూశాము. ఇంటి బల్లిని చంపడం గురించి హదీసు ఉన్న మాట వాస్తవమే. అదే హదీసులో మొదటి దెబ్బకే చంపినవానికి ఎక్కువ ప్రతిఫలం అని కూడా ఉంది. చిత్రవధ చేయరాదన్న హెచ్చరికను మేము అందులో చూస్తాము. ప్రాణమున్న దేనినీ గురిపెట్టి కొట్టే లక్ష్యంగా చేయరాదని మరో హదీసు స్పష్టం చేస్తోంది. ఇంటి బల్లి గురించిన మాటను పొలంలోని తొండకు, అడవిలోని ఉడుముకు అంటగట్టి ఆటగా చంపడం ధర్మం కాదు.

ఉడుము సంగతి మరీ ముఖ్యం. దాని మాంసం, కొవ్వు నొప్పులకు మందని నమ్మి రహస్యంగా కొనేవారున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చోటిచ్చింది. మన వరిచేలలో ఎలుకలను తిని రైతుకు మేలుచేసే జీవి అది. అది అంతరించాక జంతుప్రదర్శనశాలలో అద్దం వెనుక పిల్లలకు చూపడం కంటే, నేడే గట్టుమీద దాని దారిన దానిని పోనివ్వడం తేలిక.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. మీ బిడ్డ చేతిలో రాయి కనబడితే, అది క్రింద పెట్టించి, ఆ ప్రాణిని సృష్టించినవాడెవరో అడగండి. సమాధానం వాడికి ముందే తెలుసు.