చొక్కా అట్టల మీద రాత

మాది పెనుగంచిప్రోలు. తిరుపతమ్మ గుడి ఉన్న ఊరంటే చాలామందికి తెలుస్తది. మా ఇల్లు గుడి వైపు కాదు, మాదిగ గూడెంలో. మా తాత తంగేడు చెక్కతో తోళ్ళు ఊనేవాడు. నాన్న పాలేరుతనం చేశాడు. అమ్మ పత్తి తీతలకీ మిరప కోతలకీ పోయే కూలి. మా ఇంట్లో డిగ్రీ పాసయిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు గవర్నమెంటు బడిలో పంతుల్ని. అంతకు ముందు ఏడు చలికాలాలు జగ్గయ్యపేటలో ఒక బట్టల కొట్లో నిలబడ్డాను. రాయటం నేర్చుకుంది ఆ కొట్లోనే.

ఏడేళ్ళు ఎందుకు పట్టిందంటే లెక్క చెప్తాను. 2018 డీఎస్సీలో నాకు రాలేదు. మళ్ళీ పరీక్ష జరిగింది 2025లో. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు గానీ పరీక్ష జరగలేదు. 2025 ఏప్రిల్లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. ఎకరాలున్న ఇంటి పిల్లలకి ఆ ఏడేళ్ళూ ప్రిపరేషన్. అవనిగడ్డలో గది తీసుకుని కోచింగులో కూర్చున్నారు. కూర్చోబెట్టి తిండి పెట్టే శక్తి మా అమ్మకి లేదు. అందుకని నేను కొట్లో నిలబడ్డాను.

మా మెట్టలో చలికాలమంటే వణుకుతూ ముడుచుకునే కాలం కాదు, ఒళ్ళు విరిగే కాలం. పత్తి ఇంకా అవకముందే మిరపకాయ ఎర్రబడతది. చేలో పని ముదిరినప్పుడే కొట్లో పనీ ముదురుతది. డిసెంబర్లో క్రిస్మస్ బట్టలు. దాని వెనకే సంక్రాంతి. సంక్రాంతి దాటితే మాఘమాసం పెళ్ళిళ్ళు, మా ఊళ్ళో తిరునాళ్ళ. నాలుగింటికి అమ్మ లేచి పొయ్యి రాజేసేది. మునేటి మీద మంచు విడకముందే ముఠా ఆటో వచ్చేది. అమ్మ అటు పోతే నేను ఇటు పేట బస్సెక్కేవాణ్ణి. రాత్రి నేను ఇల్లు చేరేసరికి ఆమె మిరప మంటకి చేతులు నీళ్ళ గిన్నెలో ముంచుకుని కూర్చునేది. ఏడేళ్ళలో చలికాలం పగటి వెలుతుర్లో మేమిద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకుంది తక్కువే.

కొట్లో కొన్నవాళ్ళకి పరుపు, ఓనరుకి గల్లాపెట్టె దగ్గర కుర్చీ. మాకు స్టూలు కూడా లేదు. పొద్దున తొమ్మిదికి నిలబడితే రాత్రి తొమ్మిదికి దిగటం. 1988లో వచ్చిన షాపుల చట్టం రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది అని రాసింది. ఆ చట్టం మా గుమ్మం దాటి లోపలికి రాలేదు. కేరళలో కోజికోడ్ బట్టల కొట్ల ఆడవాళ్ళు కొట్లాడి, కూర్చునే హక్కుని 2018లో చట్టంలోకి తెచ్చుకున్నారు. 2021లో తమిళనాడు కూడా ఆ చట్టం చేసింది. నేను ఆ సంగతి పేపర్లో చదివింది నిలబడే.

‘ఏ ఊరబ్బాయ్’ అని అడుగుతారు. ఊరు చెప్తే ‘ఎవరి తాలూకు’ అంటారు. ఇంటిపేరు చెప్తే ఆ మీద మాట ఉండదు, చూపు ఉంటది. నా చేత్తో విప్పిన పట్టుచీర పనికొస్తది. నేను తాగిన గ్లాసు మాత్రం గూట్లో విడిగా ఉండేది. ఎవరూ ఏమీ అనరు. అది నా గ్లాసు అని అందరికీ తెలుసు, అంతే.

సంక్రాంతి ముందు ఆసాముల ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు కార్లలో వచ్చేవాళ్ళు. తమకి కావలసినవి రెండు గంటలు చూసి తీసుకునేవాళ్ళు. లేచేటప్పుడు, ‘పెట్టుబడి చీరలు ఓ పాతిక కట్టబ్బాయ్, కూలోళ్ళకి. రంగులేం చూపించక్కర్లా’ అనేవాళ్ళు. నేను అడుగు అరలోంచి తీసి, లెక్కపెట్టి కట్టేవాణ్ణి. ఒక ఏడు పండగ రోజు అమ్మ ఆ చీరే కట్టుకుని గుమ్మంలో నిలబడింది. మడత నాది. నేను మడిచిన మడత నాకు తెలుసు.

‘ఎంతుంటదిరా అయ్యా?’ అనడిగింది.

‘నూటనలభై’ అన్నాను.

‘నాకెరికేలే. ఒక్క ఉతుకుతో చెప్తది’ అంది. అని, కొంగు దోపుకుని గొడ్ల దగ్గరికి పోయింది.

నా మొదటి కథ ఆ చీర మీదే రాశాను. కాయితం కొనలేదు. కొత్త చొక్కాల్లో పెట్టే అట్ట ఒకవైపు తెల్లగా ఉంటది. ట్రయల్ వేసి చూసిన చొక్కాల అట్టలు మూలన పడుండేవి. మధ్యాహ్నం కొట్టు పలచబడ్డప్పుడు తానుల వెనక నిలబడి నాలుగు వాక్యాలు. చివరి బస్సులో ఇంకో రెండు. అట్ట అంత పెద్దదే నా పేరా. అందుకే నాకు పొడుగు వాక్యం రాదు. పుస్తకాలు చదివి ఇదేం శిల్పం అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే.

ఉద్యోగమూ రాతా రెండూ మోసింది నేనొక్కణ్ణే కాదు. జాషువా రాజమండ్రిలో మూకీ సినిమాలకి కథ చెప్పే కొలువు చేశాడు, తర్వాత పంతులుగా బతికాడు. ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. మా పక్కనే కంచికచర్ల. 1968లో కోటేశుకి దొంగతనం అంటగట్టి సజీవంగా తగలబెట్టిన ఊరు. ఆ ఊరి నించే కలేకూరి ప్రసాద్ వచ్చాడు. 2013లో పోయాడు. ఆయన పుస్తకం నేను బస్సులో చదివాను. మా మెట్ట నేల మీద కూడా రాసేవాడు పుడతాడని ధైర్యమొచ్చింది.

ఒకటి చెప్పాలి. మనం భూమి పంచమని అడిగాం, చదువు అడిగాం, ఉద్యోగం అడిగాం. పొద్దు పంచమని అడగలేదు. పొద్దు కూడా భూమి లాంటిదే. తరాల తరబడి కొందరి చేతిలోనే ఉంది. సాహిత్యం ఎవరు రాశారు అంటే, సాయంత్రం ఎవరికి మిగిలిందో చూడండి. మా అమ్మకి నాకంటే ఎక్కువ కథలు తెలుసు. ఆమెకి సాయంత్రం మిగల్లేదు.

2025లో బడిలో చేరాను. నాలుగు దాటితే గంట కొడతారు. ఆ తర్వాత పొద్దు నాది. ఈ చలికాలం మొదటిసారి కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. కొట్లో నా చోట ఇంకో కుర్రాడు నిలబడ్డాడు. డిగ్రీ వాడే, మనవాడే. ఆదివారం కలిసినప్పుడు, ఎన్ని గంటలు నిలబడ్డావో, ఎంత ఇచ్చారో రోజూ రాయమని ఒక నోటుబుక్కు ఇచ్చాను. అతనితో పాటు ఇంకో ఇద్దరు రాస్తున్నారు. చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ ఊరి కొట్లలో ఉన్నవాళ్ళని కూడా అడగండి. కథ రాయక్కర్లా. ముందు గంటలు రాస్తే చాలు. రేపు హక్కు అడగాలంటే ఆ లెక్కే కావాలి.

గోతాంలో దాచిన అట్టలు తీసి ఇప్పుడు శుద్ధప్రతి రాస్తున్నాను. రాత్రిళ్ళు అమ్మకి చదివి వినిపిస్తాను. చీర కథ విని, ‘ఆ ఏడు కూలి రెండొందలని రాశావు, తప్పు. నూటెనభయ్యే ఇచ్చారు. దిద్దు’ అంది. దిద్దాను.